ఊరగాయ గది తాళపుచెవి

మా ముత్తాత శేషాచలం గారు మండువేసవిలో బాటసారుల కొరకు చలివేంద్రం నడిపినవారు. వారి ధర్మపత్ని సుందరమ్మగారు కరువు వచ్చిన ఏట తన గాదె తలుపు తీసి, ఊరందరికీ ధాన్యం కొలిచి ఇచ్చిన ఇల్లాలు. ఆ గాదెకు వేసిన ఇత్తడి తాళాన్ని చూపుతూ ఆమె మా నాయనమ్మకు చెప్పిన కథ ఇది. నాయనమ్మ నాకు చెప్పింది. ఇన్ని నోళ్లు మారినా ఇందులో ఒక్క మాట పొల్లుపోలేదు.

సముద్రపుటొడ్డున ఒకానొక రాజ్యాన్ని రణకేసరి అనే రాజు ఏలుతుండేవాడు. మంచివాడే గాని, తాను చేసిన ప్రతి పనీ ఘనకార్యమని తానే సభలో చాటుకొనే అలవాటు ఆయనది.

ఒక ఏడు రేవుకు పరదేశపు ఓడ వచ్చింది. దాని నిండా తళతళలాడే తాళాలు. వెల అతి చౌక. రాజు కోటలోని తలుపులన్నిటికీ అవే వేయించాడు. రాజును చూసి ప్రజలూ కొన్నారు. కమ్మరివీధిలో కొలిములు చల్లారాయి.

రాజు అంతటితో ఆగలేదు. ఆ వీధిని ఖాళీ చేయించి, ఓడ సరకుకు గిడ్డంగులు కట్టాలని ఆజ్ఞాపించాడు. పెద్దకమ్మరి లింగాచారి, ఇనుము సాగగొట్టే దాగలిని బండికెక్కించి, సెలవు తీసుకొనుటకు సభకు వచ్చాడు.

“ఏమయ్యా లింగాచారీ, మా ఓడ తాళాలు చూశావా? నీ ఒక్క తాళం వెలకు ఇవి పది వస్తాయి!” అన్నాడు రాజు మీసం దువ్వుతూ.

“చిత్తం ప్రభూ. మా తాతలనాటి కొలిమి పొరుగు రాజ్యంలోనైనా రగులుతుందేమో చూస్తాము.”

అప్పుడు ఆస్థాన విదూషకుడు తిప్పన లేచాడు. “ప్రభూ, బండి కదలక ముందు ఒక్క మనవి. ఆ ఓడ తాళం అంత గట్టిదా?”

“గట్టిదా అని అడుగుతావా? మా ఖజానాకు వేసినదే అది! సుత్తి తగలకుండా దానిని తీయి, కోరినది ఇస్తాను. తీయలేకపోతివా, నీవు కూడా ఆ బండి ఎక్కు.”

తిప్పన వెనుదిరిగి, “ఆచారిగారూ, దాగలి పక్కన చోటున్నదా?” అని అడిగాడు.

“చోటుకేమి స్వామీ, కుదుపే ఎక్కువ.”

సభ యావత్తూ ఖజానా వద్దకు నడిచింది. తిప్పన మొలనుండి ఒక తాళపుచెవి తీసి, కళ్లకద్దుకొని తిప్పాడు. తాళం చటుక్కున ఊడింది.

“దొంగా! మా చెవికి మారుచెవి చేయించావు!” అని గర్జించాడు రాజు.

“రామ రామ! ఇది మా ఊరగాయ గది చెవి ప్రభూ. మొన్న పొరుగింటి అచ్చమ్మ పిన్ని పరధ్యానంగా, తన గది అనుకొని మా గది తాళం తీసింది. తీస్తే వచ్చింది! నా చెవితో ఆమె తాళమూ వచ్చింది.”

రాజు నమ్మలేదు. తాళం మళ్లీ వేయించి, కోటకు పూలు తెచ్చిన ఒకామెను పిలిచాడు. ఆమె కొంగున ముడివేసుకున్న చెవితోనూ ఖజానా తెరుచుకున్నది.

తిప్పన చేతులు జోడించాడు. “పది తాళాలు కొన్నామని ఏలినవారు అనుకున్నారు. కొన్నది ఒక్క తాళమే ప్రభూ, పది తలుపులకు వేలాడుతున్నది. మన కమ్మరి తాళం చేస్తే, చెవికి చెక్కిన కొయ్య నమూనాను, మరో చెవి పుట్టకుండా, కొన్న ఇల్లాలి కళ్లెదుటే కొలిమిలో వేసి కాలుస్తాడు. మనం వెల ఇచ్చేది ఆ బూడిదకు.”

రాజు ఊడిన తాళాన్ని చేతిలోకి తీసుకొని తిప్పి చూశాడు. తరువాత మెల్లగా, “అయితే తిప్పనా, నీ బెంగ అంతా మా ఖజానా గురించేనా?” అన్నాడు.

“కాదు ప్రభూ. తమ మొలలోని చెవి మా ఊరగాయ గదికి కూడా పడుతుంది. ఈ ఏటి మాగాయ మహా బాగా కుదిరింది.”

రాజు పొట్ట పట్టుకొని నవ్వాడు. “కోరుకోవయ్యా!”

“ఆ దాగలి బండి దిగాలి.”

దిగింది. గిడ్డంగుల ఆజ్ఞ రద్దయింది. రాజు తన చేతి కంకణం తీసి తిప్పనకు తొడిగి, కోట తలుపులన్నిటికీ తాళాలు చేయమని లింగాచారిని ఆదేశించాడు. “మొదటి తాళం మాత్రం ఊరగాయ గదికి. ఖజానా ఆగగలదు,” అన్నాడు. ఆ సాయంకాలమే కమ్మరివీధి మీద పొగ లేచింది. చూసిన జనం జయజయధ్వానాలు చేశారు.

మా గాదె ఇప్పుడు లేదు. దాని తాళం నా దగ్గర ఉండేది. మనుమరాలు కొత్త ఇంట పాలు పొంగించిన నాడు, తాళమూ చెవీ ఆమె చేతిలో పెట్టి ఈ కథ చెప్పాను. చెవి ఒక్కటే. దానికి మారు లేదు.