దీపం చూసి వచ్చిన భక్తులు

పరదేశి స్వామివారు ఏ ప్రశ్నకూ అడిగిన రోజున జవాబు చెప్పరు. "పచ్చిగా ఉంది, కాస్త ఎండనీ" అంటారు. ఆశ్రమం సముద్రపు ఒడ్డున ఉంది. చుట్టూ ఇసుక మీద చేపలు ఎండబెట్టుకునే ఊరు. కాబట్టి ఆ మాట ఎవరికీ విడమరచి చెప్పనక్కర్లేదు. చాలా ప్రశ్నలు అలా ఎండి ఎండి ఏ గాలికో ఎగిరిపోయేవి. అడిగినవాళ్లే మరిచిపోయేవారు.

కూర్మినాయుడి ప్రశ్న అలా ఎగిరిపోయే రకం కాదు. ఆయన ముప్ఫై ఏళ్లు కరెంటు శాఖలో లైన్‌మన్‌గా చేసి, రిటైరయ్యాక ఆశ్రమంలో చేరినవాడు. శ్రీకూర్మంలో మొక్కుకుంటే పుట్టాడని తల్లిదండ్రులు ఆ పేరు పెట్టుకున్నారు. మాఘమాసంలో ఒక పొద్దున ఒడ్డు వెంట నడకకు వెళ్లి, మరబోట్ల వలల్లో చిక్కి ఊపిరాడక చచ్చి కొట్టుకొచ్చిన తాబేళ్లను చూశాడు. ఒక్కొక్కటీ భోజనాల పీటంత ఉంది. సాయంత్రం స్వామివారి ముందు కూర్చుని, ఏటేటా తరిగిపోతున్న ఈ మూగజీవాల కోసం మనం ఏం చెయ్యాలి స్వామీ అని కళ్ల నీళ్లతో అడిగాడు. స్వామివారు ఎప్పటిలాగే ఎండనీ అన్నారు.

నాయుడికి ఎండేదాకా ఆగే ఓపిక లేదు. అదే వారంలో మూడు తల్లి తాబేళ్లు వచ్చి, ఆశ్రమం ఎదుట ఇసుకలో గోతులు తీసి, గుడ్లు పెట్టి, పూడ్చి వెళ్లిపోయాయి. ఇంకేముంది, కుక్కలు తవ్వుతాయి, నక్కలు తింటాయి, కాపలా ఉండాలి అన్నాడు నాయుడు. కాపలా అంటే ఆయన దృష్టిలో లైటే. పాత స్నేహితులను బతిమాలి ఒక పెద్ద లైటు తెచ్చాడు. ఆశ్రమం గోడ పక్కన ఎత్తైన స్తంభం పాతించి, అరవై ఏళ్ల వయసులో తనే ఎక్కి బిగించాడు. కింద 'తాబేళ్ల రక్షణ స్థలం' అని బోర్డు కూడా రాయించాడు. ఆ దీపం వెలిగిన నాటి నుంచి ఊళ్లో కోడిపుంజులకు వేళాపాళా తెలియకుండా పోయింది. స్వామివారు కళ్లకు తువ్వాలు చుట్టుకుని పడుకోవడం అలవాటు చేసుకున్నారు.

ఒక్కటే చిక్కు. దీపం పెట్టాక ఆ ఒడ్డుకు మరో తాబేలు రాలేదు. నాయుడు బాగా ఆలోచించి, వెలుతురు చాలడం లేదని తేల్చి, రెండో లైటు బిగించాడు.

రోజూ తెల్లవారకముందే ఎండుచేపల గంప నెత్తిన పెట్టుకుని ఆశ్రమం ముందు నుంచి వెళ్లే రాజులమ్మ అది చూసి ఆగింది. పుట్టి బుద్ధెరిగిన నాటి నుంచీ ఆ ఒడ్డునే బతికిన మనిషి. "పురుడు పోసుకునే ఆడది పెళ్లిపందిరి లైట్ల కిందికి వొస్తాదేటి నాయుడు బావూ? ఆర్పీ" అంది. నాయుడు నవ్వి, నీకు తెలీదులే అమ్మా, ఇది రక్షణకు సంబంధించిన విషయం అన్నాడు. మర్నాడూ ఆమె అదే మాట అంది. మూడో రోజు ఆయన స్విచ్చి మీద ఇనప పెట్టె బిగించి, తాళం వేసి, తాళంచెవి మొలతాడుకు కట్టుకున్నాడు. ఇదెందుకు అని స్వామివారు అడిగారు. ఎవరైనా ఆర్పేస్తారేమోనని స్వామీ అన్నాడు. స్వామివారు ఓహో అన్నారు.

ఫాల్గుణ బహుళ ఏకాదశి వచ్చింది. వేకువజామున ఇంకా చీకటి ఉండగానే చుట్టుపక్కల ఊళ్ల నుంచి జనం భజనకు చేరారు. స్వామివారు ఎప్పటిలాగే అరుగు మీద కూర్చున్నారు. ఆయన నెత్తి మీదుగా నాయుడి దీపాలు ధగధగా వెలుగుతున్నాయి. భజన మంచి ఊపులో ఉండగా వెనక వరసలో ఒకావిడ పాట ఆపేసింది. తర్వాత పక్కావిడ ఆపింది. తాళాలు ఆగాయి, మద్దెల ఆగింది. సముద్రానికి వీపు పెట్టి, అరచేతిలో పట్టేంత తాబేలు పిల్లలు వందల సంఖ్యలో, ఇసుక మీద చిన్న చిన్న రెక్కలు ఈడ్చుకుంటూ, తిన్నగా స్వామివారి వైపు వస్తున్నాయి.

తర్వాత జరిగింది చెప్పాలంటే కాస్త సిగ్గుగానే ఉంటుంది. కూర్మావతారుడి సంతతి గురుదర్శనానికి తరలి వచ్చిందని ఒక పెద్దాయన చేతులెత్తి దణ్ణం పెట్టాడు. అంతే, గోవిందనామాలు మిన్నంటాయి. ఒకావిడ తులసిదళాలు చల్లింది. ఇంకొకావిడ ముందు వచ్చిన పిల్లకు కుంకుమబొట్టు పెట్టింది. సెల్‌ఫోన్లు పైకి లేచాయి. నాయుడైతే, కాపాడినందుకు నాకు కృతజ్ఞత చెప్పుకోవడానికి వచ్చాయని భోరున ఏడ్చాడు. స్వామివారు కూడా ఒక్క క్షణం ఆశీర్వదించబోయి చెయ్యెత్తారు. ఆ సంగతి ఆయనే తర్వాత ఒప్పుకున్నారు.

సరిగ్గా అప్పుడే రాజులమ్మ గంపతో వచ్చింది. చూసి నెత్తి కొట్టుకుంది. "ఇవి నిన్ను సూడ్డానికి రాలేదు సామీ. గుడ్డు పగిలి బైటికొచ్చిన పిల్లకి ఎటు ఎలుగుంటే అటే సముద్రం. మీ లైటుని సూసి సముద్రం అనుకున్నాయి" అంది. అని సరుగుడు తోపు వైపు వేలు చూపించింది. కొమ్మల మీద కాకులు అప్పటికే వరసగా కూర్చుని ఉన్నాయి. తెల్లవారడానికి అరగంట కూడా లేదు. తెల్లారితే ఒక్క పిల్ల మిగలదు.

స్వామివారు ఎత్తిన చెయ్యి దించేశారు. దీపం ఆర్పమన్నారు. టీవీ వాళ్లకు కబురు పెట్టాం, వాళ్లు వచ్చేదాకా ఉంచండి స్వామీ అని ఎవరో గొణిగారు. ఆయన వాళ్ల వైపు చూడలేదు, నాయుడి వైపే చూశారు. నాయుడు మొలతాడు నుంచి తాళంచెవి తీశాడు. ఉప్పుగాలికి తాళం తుప్పు పట్టి ఉంది. చెవి తిరగలేదు. ఒకాయన ఆవేశంగా చేతిలో ఉన్న కొబ్బరికాయతో తాళం మీద కొట్టాడు. కొబ్బరికాయ పగిలింది. తాళం అలాగే ఉంది.

నాయుడు ఇక ఎవరినీ చూడలేదు. పంచె ఎగ్గట్టి, అడుగడుగునా పిల్లల్ని తప్పించుకుంటూ వీధి చివర ట్రాన్స్‌ఫార్మర్ దగ్గరికి పరుగెత్తి, ఫ్యూజులు పీకేశాడు. ఆశ్రమంతో పాటు ఊరంతా చీకటైపోయింది. ముప్ఫై ఏళ్ల ఉద్యోగాన్ని కలుపుకుని చూసినా ఆయన కరెంటు తీస్తే ఎవరూ తిట్టనిది ఆ ఒక్కసారే.

చీకట్లో జనం కాలు కదపడానికి భయపడ్డారు. ఎక్కడ అడుగు వేస్తే ఎవరి ప్రాణం పోతుందో తెలియదు. ఎత్తిన కాలు ఎత్తినట్టే పెట్టుకుని, ఒకరి భుజం ఒకరు పట్టుకుని నిలబడ్డారు. అంతమంది అంతసేపు కదలకుండా, మాట్లాడకుండా ఉండడం ఆ ఆశ్రమంలో అంతకుముందు ఎన్నడూ జరగలేదు. తూర్పున సముద్రం మీద ఏకాదశి నెలవంక సన్నగా వెలుగుతోంది. పిల్లలు కాసేపు ఉన్నచోటే తచ్చాడాయి. తర్వాత ఒకటి తిరిగింది. దాని వెనక ఇంకొకటి. పాదాల మధ్య నుంచి, పూజాసామాన్ల మధ్య నుంచి ఇసుక బరబరమంటుంటే వినడమే తప్ప చూడ్డానికి లేదు. అలిసిపోయినవాటిని రాజులమ్మ తడుముకుంటూ ఏరి, గంపలో చేపలు అరుగు మీద కుమ్మరించి, వాటిని అందులో వేసుకుని నీళ్ల అంచుదాకా మోసుకెళ్లింది. ఆఖరున వెళ్లింది కుంకుమబొట్టు పిల్ల. కెరటం వచ్చి దాని బొట్టు కడిగేసి, దాన్ని తీసుకుపోయింది. అప్పుడు కాకులు లేచాయి. వాటికి అరుగు మీద ఎండుచేపలు మాత్రమే దొరికాయి.

జనం వెళ్లిపోయాక నాయుడు స్వామివారి ముందు కూలబడ్డాడు. చేతిలో ఇంకా ఆ తాళంచెవి ఉంది. దాన్ని అటూ ఇటూ తిప్పుతూ, "నేను వాటికి మంచి చేద్దామనే అనుకున్నాను స్వామీ" అన్నాడు.

స్వామివారు తువ్వాలు దులిపి భుజాన వేసుకున్నారు.

"తెలుసు నాయుడూ. చెడు చేసేవాడికైతే కాస్త అనుమానం ఉండేది, తాళం వేసేవాడు కాదు."