వన్నెలరాయుడి పచ్చిక

తంగేళ్లకోన అని ఒక అడవి ఉండేది. ఏనుగులు, నెమళ్లు, ముళ్లపందులు, కప్పలు, ఇంకా లెక్కలేనన్ని పిట్టలు అందులో కాపురముండేవి. కోన నడుమ ఒక మడుగు. ఎండాకాలంలో అందరి గొంతూ తడిపేది ఆ ఒక్క మడుగే.

ఆ మడుగులో చెమ్మక్క అనే కప్ప తన పిల్లలతో ఉండేది. పిల్లలంటే అవి ఇంకా పూర్తి కప్పలు కూడా కాలేదు, వట్టి తోకకప్పలు. కాళ్లు రాలేదు కాబట్టి గట్టెక్కలేవు. నీళ్లుంటేనే వాటికి ప్రాణం. అందుకే పొద్దున లేస్తే చెమ్మక్కకు ఒకటే బెంగ. పిల్లలకు కాళ్లొచ్చేదాకా ఈ నీళ్లు ఉంటాయా, ఉండవా?

"ఉంటాయిలే, ఏటా ఉంటున్నాయి కదా" అని తనకు తానే ధైర్యం చెప్పుకునేది. కానీ ఆ ఏడు, పొద్దున నీళ్లలో మునిగి ఉన్న రాయి సాయంత్రానికి పొడిగా తేలింది. 

నీళ్లు ఎటు పోతున్నాయో తెలుసుకోవడానికి ఎంతో దూరం వెళ్లనక్కర్లేకపోయింది. మడుగుకు తూర్పున ఉన్న వాలు మీద వన్నెలరాయుడనే నెమలి ఉండేవాడు. తొలకరి మబ్బు పట్టగానే వన్నెలరాయుడు ఆడాలి, అడవంతా వచ్చి చూడాలి. అది ఆ కోనలో ఆచారం. కిందటేడు ఆట మధ్యలో ఒక ముళ్లకంప ఆయనగారి తోకను పట్టుకుంది. ఊడింది ఒక్క ఈకే. అయినా రాయుడికి తల కొట్టేసినట్టయింది.

"ఈసారి నా కాలి కింద పచ్చిక తప్ప ఇంకేమీ ఉండకూడదు" అన్నాడు.

వాలు మీదున్న తంగేడు, వావిలి, ముళ్లకంపలు అన్నీ అడవిపందుల చేత పీకించాడు. రాలిన ఆకులన్నీ ఊడ్పించాడు. కోనకు ఆవల ఎక్కడో ఉన్న ఏటి ఒడ్డు నుంచి మెత్తటి పచ్చిక తెప్పించి నాటించాడు. అది తడిలో పుట్టి పెరిగిన రకం. పొద్దున తడిపితే మధ్యాహ్నానికి తల వేలాడేసేది. అందుకని కొండన్న అనే ఏనుగు రోజంతా మడుగులో నీళ్లు తొండంతో తోడి దానిమీద చిమ్మేవాడు. ఆ పచ్చదనమూ చాలలేదట! గుహలోంచి గబ్బిలాల రెట్ట తెప్పించి దిట్టంగా ఎరువు వేయించాడు. ఇక చూసుకోండి వాడి కులుకు!

చెమ్మక్క గెంతుకుంటూ వాలెక్కింది.

"రాయుడుగారూ, మడుగు ఎండిపోతోంది. నా పిల్లలకు ఇంకా కాళ్లు రాలేదు. కొంచెం కనికరించండి" అంది.

"వాన పడితే మడుగు అదే నిండుతుంది. దానికింత గోలెందుకు?" అన్నాడు వన్నెలరాయుడు.

"పడేదాకా ఏం చెయ్యమంటారు?"

"ముందు ఆ పచ్చిక మీంచి దిగు. నలిగిపోతోంది!"

చెమ్మక్క కళ్లనీళ్లు పెట్టుకుని కొండన్న దగ్గరికి వెళ్లింది. కొండన్న చెడ్డవాడేం కాదు. కాకపోతే పొగిడితే పడిపోయే రకం.

"నేనేం చెయ్యను చెమ్మక్కా? కొండన్న లేకపోతే ఈ అందమే లేదని రాయుడు అందరి ముందూ అన్నాడు. ఇప్పుడు మానేస్తే బాగుంటుందా చెప్పు?" అని చెవులూపుకుంటూ మళ్లీ తొండం ముంచాడు. నీళ్లు ఇంకొంచెం తగ్గాయి.

మడుగుకు పడమటి వాలు మీద సూదులత్త అనే ముసలి ముళ్లపంది ఉండేది. ఆమె వాలు చూడటానికి ఏమంత సోకుగా ఉండదు. తంగేడు పొదలు, వావిలి చెట్లు, వాటి కింద మోకాలి లోతు ఎండుటాకులు. ఆ పొదల మధ్య సూదులత్త వాలుకు అడ్డంగా గుంతలు తవ్వుతూ, తవ్విన మట్టిని పల్లపు వైపు గట్టుగా పేరుస్తూ కనిపించింది.

"అత్తా, నా ప్రాణం పోతుంటే నువ్వు గుంతలు తవ్వుకుంటున్నావా? గుంతలు తవ్వితే నీళ్లొస్తాయా?" అని చెమ్మక్క ఉడుక్కుంది.

"రావు అమ్మాయ్. వచ్చిన నీళ్లు పారిపోకుండా ఆగుతాయి" అంది సూదులత్త, తల ఎత్తకుండానే.

"అసలు వానే లేదు కదా అత్తా!"

"వాన వచ్చాక తవ్వడానికి తీరికుంటుందా? బెంగ పెట్టుకోవద్దని నేననను. నాకూ బెంగగానే ఉంది. అందుకే తవ్వుతున్నా."

ఆ మాట చెమ్మక్కకు ఊరటనివ్వలేదు. తిరిగొచ్చేసరికి మడుగు ఇంకా చిక్కిపోయింది. పిల్లలన్నీ నడిమధ్య ఒకదాని మీద ఒకటి ఇరుక్కుని కొట్టుకుంటున్నాయి. చెమ్మక్క వాటిని లెక్కపెట్టబోయి, భయమేసి మానేసింది.

ఎట్టకేలకు ఒక మధ్యాహ్నం మబ్బు కమ్మింది. ఉరుమింది. అడవంతా తూర్పు వాలు దగ్గర చేరింది. వన్నెలరాయుడు పురి విప్పాడు. చినుకులు కాస్తా జడివాన అయ్యాయి. చెమ్మక్క సంతోషంతో గొంతు చించుకుని అరిచింది. "బతికాంరా నాన్నా! నీళ్లొచ్చాయి!"

నీళ్లొచ్చాయి, నిజమే. కానీ ఎలాంటి నీళ్లు! పట్టి ఆపే వేర్లు పోయాయి, కప్పి ఉంచే ఆకులు పోయాయి. వాన దెబ్బకు పచ్చిక చాపలా లేచి కొట్టుకుపోయింది. మట్టీ, గబ్బిలాల రెట్టా కలిసి నల్లటి బురదై బుసబుసమంటూ మడుగులో పడ్డాయి. క్షణంలో మడుగు కంపు కొట్టింది. తోకకప్పలు పైకి తేలి నోళ్లు తెరిచాయి. కొన్ని తేలినవి తేలినట్టే ఉండిపోయాయి.

చెమ్మక్క గట్టంచుకు గెంతింది. ఒక్కో పిల్లనూ మూతితో నెట్టి చూసింది. "లేవరా, లేవరా" అంటూ ఏడ్చింది. ఎక్కడికి తీసుకుపోగలదు వాటిని? ఎత్తుకుపోవడానికి ఆమెకేముంది?

అప్పుడే దాహమై కొండన్న మడుగులో తొండం పెట్టాడు. పెట్టినవాడు పెట్టినట్టే ఛీ అని ఉమ్మేశాడు. గట్టున గిలగిల్లాడుతున్న చెమ్మక్కను చూసి ఆగిపోయాడు.

"కొండన్నా, నీకు దణ్ణం పెడతా! నెమలి కోసం ఇన్నాళ్లూ తోడావు. నా పిల్లల కోసం ఒక్కసారి తోడు!"

కొండన్న మడుగులోకి దిగాడు. తోకకప్పలను నీళ్లతో సహా మెల్లగా తొండంలోకి పీల్చుకుని, సూదులత్త గుంతలున్న పడమటి వైపు పరుగెత్తాడు. ఆ నీళ్ల కంపుకు కళ్లెమ్మట నీళ్లు కారుతున్నా తొండం దించలేదు. చెమ్మక్క గుండె చేత్తో పట్టుకుని వెనకే గెంతింది. అక్కడ మంచినీళ్లున్నాయో లేవో ఆమెకు తెలియదు.

ఉన్నాయి! సూదులత్త గుంతలన్నీ నిండి, ఆకుల్లోంచి వడకట్టుకుని, వాలు అడుగున, మడుగుకు ఎడంగా ఉన్న పల్లంలోకి నీళ్లు నెమ్మదిగా ఊరుతున్నాయి. అడుగున గులకరాళ్లు కనిపించేంత తేటగా ఉన్నాయి. కొండన్న తొండం అందులో దించాడు. చెమ్మక్క ఊపిరి బిగబట్టి చూసింది. ఒక తోక కదిలింది. తర్వాత ఇంకొకటి. కదలనివీ కొన్ని ఉన్నాయి. కొండన్న మళ్లీ మళ్లీ మడుగుకు పరుగెత్తాడు. దొరికినన్ని తెచ్చాడు.

వాన వెలిశాక వన్నెలరాయుడు కాళ్లీడ్చుకుంటూ వచ్చాడు. తూర్పు వాలంతా కోసుకుపోయి గండ్లు పడింది. ఆట మధ్యలో జారి బురదలో బోర్లా పడ్డాడు. తోక నిండా రెట్ట పట్టి పురి మూసుకోవడం లేదు. చూడటానికొచ్చిన జంతువులు ముక్కులు మూసుకుని ఎటువాళ్లటు వెళ్లిపోయాయి. తాగుదామంటే మడుగు నోట పెట్టేలా లేదు.

తేట నీళ్లు చూసి తెల్లబోయాడు. "చెమ్మక్కా, వాన ఇటువైపే ఎక్కువ పడిందా?"

చెమ్మక్క బతికిన పిల్లల చుట్టూ తిరుగుతోంది. తలెత్తింది.

"లేదు రాయుడుగారూ. ఇటూ అటూ ఒకే వాన. ఇటు పడ్డది నా పిల్లలను బతికించింది. అటు పడ్డది నా పిల్లలను చంపింది."

వన్నెలరాయుడు దాహంతో ముందుకు అడుగేశాడు. నీళ్ల అంచున నిలబడ్డాడే గానీ, ముక్కు ముంచడానికి మనసొప్పలేదు.

నీతి: వానను పట్టి, వడకట్టి దిగువకు పంపే నేలే అందమైన నేల. మన ముంగిలి సోకు కింది వాళ్ల నీళ్లలో విషం కాకూడదు.