ధర్మలింగం పై దవడ

అమలాపురంలో దంతవైద్యం చేసే సత్యకేశవులుగారికి ఒక అలవాటుంది. కుర్చీలో కూర్చున్న మనిషిని నోరు తెరవమనే ముందు, అతని ఊరూ పనీ తీరిగ్గా కనుక్కుంటారు. ఆయన దగ్గర పని నేర్చుకుంటున్న యామినికి ఇది బొత్తిగా గిట్టేది కాదు. ఒకనాడు ఉండబట్టలేక అడిగేసింది.

"స్కాన్‌లో కనపడనిది ఈ కబుర్లలో ఏం కనపడుతుందండీ?"

ఆయన నవ్వారు. ఆ రోజే వచ్చిన ధర్మలింగాన్ని ఆమెకే అప్పగించి, "ఆషాఢం రాగానే చెయ్యమ్మా" అన్నారు. వైద్యానికీ పంచాంగమేనా అని యామిని లోలోపల నవ్వుకుంది. పెద్దాయన ధర్మలింగంతో మాట్లాడుతున్నంతసేపూ ఆమె పక్కగదిలో స్కాన్ కొలుచుకుంటూనే ఉంది.

ధర్మలింగానికి పైవరసలో వెనక పళ్ళు ఊడి చాలాకాలమైంది. కొత్త పళ్ళు నిలబెట్టే ఇంప్లాంటు మరలు బిగిద్దామంటే అక్కడ ఎముక ఎత్తు నాలుగు మిల్లీమీటర్లే మిగిలింది. దానిపైన గాలి నిండిన సైనస్. మధ్యలో ఉల్లిపొరంత పొర. ఆ పొరని మెల్లగా పైకి లేపి, కింద ఎముక పొడి నింపి, అది గట్టిపడ్డాక ఇంప్లాంటు పెట్టాలి. యామిని చెయ్యి తిరిగిన పిల్ల. ఆషాఢం రాగానే ఆపరేషన్ చేసింది, పొర ఎక్కడా చిరగనివ్వలేదు. ముక్కు చీదకూడదు, తుమ్మొస్తే నోరు తెరిచి తుమ్మాలి, స్ట్రాతో తాగకూడదు అని జాగ్రత్తలన్నీ కాగితం మీద రాసిచ్చింది కూడా.

పదో రోజున కుట్లు తీయించుకోవడానికి ధర్మలింగం వచ్చాడు. చంకలో పొడుగాటి గుడ్డసంచి ఉంది.

"అదేంటండీ?"

"సన్నాయమ్మా. కట్లు వదులైతే బిగించడానికి ఇచ్చి తెచ్చుకుంటున్నాను. నలభై ఏళ్ళుగా పెళ్ళిళ్ళకి ఊదడమే కదండి మన పని."

యామిని చప్పున కత్తెర పక్కన పెట్టేసింది. బుగ్గలు పూరించి ఒక్క కీర్తన ఊదినా చాలు, ఆ ఒత్తిడికి పొర చిరిగి, పొడి చెదిరి, చీము పట్టి, ఈయన మళ్ళీ సన్నాయే పట్టలేకపోవచ్చు. తను రాసిచ్చిన కాగితంలో ఆ ఒక్క మాటా లేదు.

"ఈ పది రోజుల్లో... ఊదారా?"

"ఆయ్, ఎలా ఊదుతానండి? మూతికి పెట్టి ఊదే పీకలు లేందే సన్నాయి పలకదు కదా. ఉన్న పీకలన్నీ ఆపరేషన్ రోజు పొద్దున్నే పెద్ద డాక్టరుగారు తీసేసుకున్నారు. పెళ్ళిళ్ళు లేని నెలేగా, నా దగ్గరుండనీ అన్నారు. ఇంట్లో ఉత్తినే వేళ్ళాడించుకుంటుంటే మా ఆవిడ ఒకటే నవ్వండి."

యామినికి పోయిన ప్రాణం తిరిగొచ్చింది. అయినా స్కాన్ తీసి చూసుకుంది. పొర నిక్షేపంగా ఉంది, పొడి పెట్టినచోటే ఉంది. ఆమె కళ్ళు తుడుచుకుంటుంటే ధర్మలింగం కంగారుపడ్డాడు. "బాగుందండీ, చాలా బాగుంది" అని అతన్ని నవ్వుతూ సాగనంపింది.

తర్వాత గురువుగారి ముందుకెళ్ళి నిలబడింది. ఆయన సొరుగు లాగి, దారానికి గుచ్చిన పీకల గుత్తిని ఆమె చేతిలో పెట్టారు.

"మొదటిరోజు నువ్వూ అక్కడే కూర్చునుంటే, ఇవి నీ సొరుగులో ఉండేవమ్మా."