చెంగమ్మ కుట్టిన తెరచాపలు

వెనకటికి, ఓడల ముక్కుకు కళ్ళు గీసి సముద్రంలోకి వదిలే రోజుల్లో, సాగరవాడ అనే రేవుపట్నం ఉండేది. అక్కడ ధనగుప్తుడనే వర్తకుడి దగ్గర చెంగమ్మ తెరచాపలు కుట్టేది.

ఒక్కో తెరచాపకు ఆరు కుంచాల ధాన్యం ఇస్తానన్నాడు ధనగుప్తుడు. తీరా పని అయ్యాక మూడే కొలిచాడు.

"అయ్యా, ఒప్పుకున్నది ఆరు కదా?" అంది చెంగమ్మ.

"నాకే ఎదురు చెప్తావా! రేపటి నుంచి పనికి రాకు!"

చెంగమ్మ కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఇంట్లో చూస్తే ఆకలితో పిల్లలు. అయినా రాజుగారు వేయించిన దండోరా ఆమెకు గుర్తుంది. ఒప్పుకున్న కూలి తగ్గించకూడదు. తగిన కారణం లేకుండా పనిలోంచి తీసేయకూడదు. కొంగు బిగించి నేరుగా ధర్మసభకు నడిచింది.

మర్నాడు సభ కిటకిటలాడింది. ధర్మాధికారిణి అక్కమాంబ వర్తకుణ్ణి అడిగింది. "ఈమెను ఎందుకు తీసేశావు?"

"పనికి ఆలస్యంగా వస్తుంది తల్లీ!"

చెంగమ్మ పక్కన కూర్చుని కుట్టే నూకాలు చివాలున లేచింది. "అబద్ధం! పొద్దున్నే వచ్చి తలుపు తీసేదే చెంగమ్మక్క. ఆమె రాకపోతే మేమంతా వీధిలో నిలబడాల్సిందే!"

వర్తకుడు మాట మార్చాడు. "పైగా నేనన్నది మూడు కుంచాలే. ఆరని ఎవరు విన్నారు?" అంటూ కూలివాళ్ళకేసి గుర్రుగా చూశాడు.

కూలివాళ్ళు ఒకరి వెనక ఒకరు నక్కారు. అంతలో వాళ్ళలోంచి ముసలి వీరన్న కర్ర ఊతగా లేచాడు. "నాతోనూ ఆరే అన్నారు. ఇచ్చింది మూడే."

"నాతోనూ!" "నాతోనూ!" ఒక్కొక్కరే లేచి నిలబడ్డారు.

ధనగుప్తుడు చెంగమ్మకేసి వేలు చూపాడు. "ఆమె కుట్టు చెడ్డది! గాలికి పిగిలిపోతుంది! అందుకే తీసేశాను!" అని అరిచాడు.

చెంగమ్మ గబగబా ముందుకొచ్చింది. "అలాగైతే నావికుల ప్రాణాలు పోతాయమ్మా! ఈయనగారి ఓడ ఇప్పుడే బయల్దేరబోతోంది. దాని చాపలన్నీ నేను కుట్టినవే. దించి తగలబెట్టించండి!"

"భటులారా, పరుగెత్తండి!" అంది అక్కమాంబ.

భటులు కదిలారో లేదో, ధనగుప్తుడు వాళ్ళకు అడ్డం పడ్డాడు. "వద్దు, వద్దు! అంత గట్టి చాపలు ఈ తీరంలోనే లేవు!"

సభంతా గొల్లున నవ్వింది.

"మరి తీసేయడానికి కారణమేమిటి?" అంది అక్కమాంబ. "కూలి అడిగిందని..." అని గొణిగాడు వర్తకుడు.

తగ్గించిన ధాన్యమంతా అందరికీ కొలిచి ఇవ్వాలనీ, చెంగమ్మను తిరిగి పనిలో పెట్టుకోవాలనీ తీర్పు వచ్చింది. నూకాలు ఈల వేసింది. చెంగమ్మ తన ధాన్యం బస్తా నెత్తిన పెట్టుకుని, నవ్వుతూ, ఏడుస్తూ, పిల్లల దగ్గరికి పరుగులాంటి నడకతో వెళ్ళింది.

చేసిన పనికి తగిన కూలి అడగడం హక్కు. అడిగినందుకు పనిలోంచి తీసేయడమే నేరం.