బాతు కన్ను

బాతు కన్ను ఏ రంగో దగ్గరగా చూసి వచ్చి చెప్పు, ఆ రోజే గుండు గీసి దీక్ష ఇస్తానంది గురువమ్మ. పదకొండు రోజులు గడిచాయి. దీక్ష కోసం వచ్చిన దిస్కిత్ తల మీద జుట్టు అలాగే ఉంది.

అది మంచుకొండల్లో ఆడ సన్యాసుల మఠం. మఠం కింద సరస్సు. చలికాలం వచ్చిందంటే సరస్సంతా గడ్డకట్టుకుపోతుంది, ఒక్క మూల తప్ప. అక్కడ అడుగున ఊట ఉంది. ఎర్రతల బాతులన్నీ ఆ కాసిన్ని నీళ్లలోనే ఉంటాయి.

దిస్కిత్‌కి తన నడక మీద మహా నమ్మకం. మఠంలో ఆమె అడుగుల చప్పుడు విన్నవాళ్లు లేరు. "పిల్లి వచ్చి నీ దగ్గర నేర్చుకోవాలే" అనేవాళ్లు తోటివాళ్లు. రోజూ తెల్లారగానే బూట్లు విప్పేసి, ఉన్ని మేజోళ్లతో, మంచు మీద ఒంగి ఒంగి పోయేది. ఇంకా ఇరవై అడుగులుందనగా బాతులన్నీ బుర్రుమని లేచిపోయేవి.

పన్నెండోనాడు వచ్చి గురువమ్మ ముందు కూలబడింది.

"నావల్ల కావడం లేదమ్మా. నా ఊపిరి కూడా వాటికి వినబడుతోంది. రేపట్నుంచి ఊపిరి కూడా బిగబట్టి..."

"నువ్వు ఊపిరి మానేస్తే నేను దీక్ష ఎవరికివ్వనే?" అంటూ గురువమ్మ లేచింది. రేకు బకెట్టు ఒక చేత్తో, గునపం ఒక చేత్తో పట్టుకుంది. "పద, నీళ్లు నిండుకున్నాయి."

దారి పొడుగునా బకెట్టు గునపానికి తగిలి ఢమఢమా మోగుతూనే ఉంది. ముసలామె దగ్గుతూ, మోకాళ్లని తిట్టుకుంటూ నడిచింది. దిస్కిత్‌కి ప్రాణం పోయినంత పనైంది.

"అమ్మా, మెల్లగా! లేచిపోతాయి!"

"పోతే పోనీ. నేనొచ్చింది నీళ్లకి."

ఒడ్డునున్న మంచుగడ్డని గునపంతో ఠంగుఠంగుమని పొడిచింది. బాతులు బారెడు పక్కకి జరిగాయి. ఒకటైతే మళ్లీ రెక్కలో తల దూర్చుకుని పడుకుంది.

దిస్కిత్ నోరు తెరుచుకుని చూసింది. "నేనంత జాగ్రత్తగా వస్తే లేచిపోయేవే!"

గురువమ్మ బకెట్టు ముంచుతూ అంది, "చప్పుడు లేకుండా ఇక్కడికొచ్చేది నక్క ఒక్కటే."

మర్నాడు దిస్కిత్ బూట్లు వేసుకుంది. బకెట్టు తనే అడిగి తీసుకుంది. పొద్దెక్కాక నిండు బకెట్టుతో, ఎర్రబడ్డ చేతులతో తిరిగొచ్చింది.

"ఏ రంగు?" అంది గురువమ్మ.

దిస్కిత్ గుమ్మంలోనే ఆగిపోయింది.

"అయ్యో! చూడలేదమ్మా. ఈసారి గడ్డ మందంగా ఉంది, పగలగొట్టేసరికి తల ప్రాణం తోకకొచ్చింది. ఒకటి నా బకెట్టు పక్కకే వచ్చి నీళ్లు తాగింది. నా పనిలో పడి దాని మొహం చూడనేలేదు." గిరుక్కున వెనక్కి తిరిగింది. "ఇప్పుడే పోయి..."

గురువమ్మ అప్పటికే గూట్లోంచి మంగలికత్తి తీసి రాతి మీద నూరుతోంది.

"ఎక్కడికే? ఆ నీళ్లు పొయ్యి మీద పెట్టు," అంది. "చన్నీళ్లతో గొరిగితే తల మండుతుంది."