ఏది నొక్కమంటారు, సామీ?

ఆ గురువారం ఇలియాస్ బెంగళూరు నుంచి ఒక ఫిర్యాదు మూటగట్టుకొని వచ్చాడు. గురువు పెద్దసాయిబు ముందు కూర్చున్నాడే గాని జపం మీద మనసు నిలవలేదు.

"హజ్రత్, ఒక మాట అడగాల. దారి చూపించినవాడిది తప్పా, దారి తప్పినవాడిది తప్పా?"

పెద్దసాయిబు జపమాల పక్కన పెట్టాడు. "నువ్వు దారులెప్పటినుంచి వేస్తాండావు నాయనా?"

ఇలియాస్‌కు ఒక ఫోన్ల కంపెనీలో ఉద్యోగం. ఫోను లోపలి సాఫ్ట్‌వేర్‌ను అప్‌డేట్ చేసే పనిముట్టు అతని చేతి కిందే తయారవుతుంది. పాతది తీసి కొత్తది పెట్టేటప్పుడు మధ్యలో ఏదైనా అడ్డం పడితే తెర మీద చిన్న పెట్టె లేస్తుంది. 'మార్పు పూర్తి కాలేదు' అని ఒక ముక్క, కింద మూడు బటన్లు: మళ్ళీ, వదిలెయ్, రద్దు. వెనకటి రేడియోలకు రెండే చెవులుండేవి. ఏది మెలితిప్పినా మహా అయితే గరగరమనేది, వెనక్కి తిప్పితే సర్దుకునేది. ఈ బటన్లు అలాంటివి కావు. జనం ఏదో ఒకటి నొక్కి, ఫోన్లో ఉన్నదంతా పోగొట్టుకొని, కంపెనీని శాపనార్థాలు పెడుతున్నారు. పైవాళ్ళు ఇలియాస్‌ను నిలదీశారు.

"నేనెవరినీ బలవంతం చేయలేదు హజ్రత్. మూడు దారులు పెట్టినా. ఎంచుకున్నది వాళ్ళు. వాళ్ళ తప్పు నా మెడకు చుట్టడం న్యాయమా?"

"టీ తాగు, చల్లారిపోతాంది," అన్నాడు పెద్దసాయిబు.

ఆయన అసలు పేరు జమాలుద్దీన్. రాయచోటి దారిలో గుట్ట కింద చిన్న ఇల్లు, ముందు రేకుల పందిరి. గురువారం వస్తే అన్ని కులాలవాళ్ళూ ఆ పందిరి కిందికి చేరతారు. శనక్కాయలు ఇప్పుడు అమ్మాలా, ఆగాలా? ఎద్దును ఉంచుకోవాలా, సంతకు తోలాలా? అన్నీ ఆయన్నే అడుగుతారు. వయసులో ఉన్నప్పుడు జవాబులు చెప్పేవాడట. ముసలితనం వచ్చాక వినడమే ఎక్కువ. చిత్రమేమంటే, జవాబు చెప్పని రోజుల్లోనే జనం పెరిగారు. అది వేరే సంగతి.

ఆ మధ్యాహ్నం ఓబులేసు అనే మనిషి వచ్చాడు. గువ్వలచెరువులో పాలకోవా బట్టీ దగ్గర పని. ఆ ఘాటు రోడ్డు దిగిన బస్సేదీ కోవా కొనకుండా కదలదు గాని, ఆ కోవా వెనక సెగలో నిలబడి పొద్దుగూకులూ పాలు కలిపే చేతులెవరికీ కనబడవు. అలాంటి చేతుల్లో ఒక ఫోను. ఫోనుకు వైరు, వైరుకు పవర్ బ్యాంకు. అంచుదాకా నిండిన గిన్నెను తెచ్చినట్టు తెచ్చి, పెద్దసాయిబు ముందు చాప మీద పెట్టాడు.

"సామీ, ఇందులో ఏది నొక్కమంటారు?"

ఇలియాస్ తొంగి చూశాడు. మార్పు పూర్తి కాలేదు. మళ్ళీ, వదిలెయ్, రద్దు.

చేతిలోని టీ గ్లాసు కింద పెట్టేశాడు.

"నా పెండ్లాం గంగులమ్మ కువైట్‌లో ఇండ్లల్లో పనికి పోయింది సామీ," అన్నాడు ఓబులేసు. "దినామూ పాపకు మాటలు పంపేది. 'ఏం తిన్నావే? జడెవరేసినారే? మీ నాయన కొట్టినాడా?' అంటా. ఉగాదికి వస్తానని చెప్పి, పీనుగై వచ్చింది. ఆయమ్మ ఫోను ఆడనే పోయింది. మాటలన్నీ దీంట్లోనే ఉండాయి. పాప అవి ఇనకుండా పండుకోదు. 'తిన్నానే అమ్మా' అని ఒక్కోదానికీ బదులు చెప్తాది."

కండువాతో మొహం తుడుచుకున్నాడు.

"మొన్న ఇది లేసింది. నేనేదీ నొక్కలా. ఆరిపోతాదేమోనని ఈ పవర్ బ్యాంకు తెచ్చుకున్నా. అంగట్లో అడిగితే ఒకడు మొదటిది అంటాడు, ఇంకొకడు మూడోది అంటాడు. నాకు సదువు రాదు. మీరు ఏదంటే అది."

పెద్దసాయిబు ఇలియాస్ వైపు తిరిగాడు. "నీ దారులే కదా నాయనా. ఏది నొక్కితే ఆయమ్మ గొంతు మిగుల్తుంది?"

ఇలియాస్ లాప్‌టాప్ తీసి వైరు తగిలించాడు. ఆ పెట్టె లేచి ఉన్నంతసేపూ ఫోను దేనికీ పలకదు. అదీ అతను పెట్టిన కట్టుబాటే. బయటికి వెళ్ళి, బెంగళూరులో తనతో పనిచేసే ఫిలిప్‌కు ఫోన్ చేశాడు.

"నన్నడుగుతావేంది గురూ? రాసిన మొనగాడివి నువ్వే కదా!" అని ఫిలిప్ నవ్వాడు. సంగతి విన్నాక నవ్వు మాని చాలాసేపు వెతికాడు. "ఎక్కడ ఆగిందో తెలిస్తే చెప్పొచ్చు. మన పెట్టె ఆ ముక్క చెప్పదే! ఒకచోట ఆగుంటే 'మళ్ళీ' కాపాడుతుంది, ఇంకోచోట ఆగుంటే అదే తుడిచేస్తుంది. 'రద్దు' కూడా అంతే. ఎవరూ చెప్పలేరు ఇలియాస్."

"మరి మూడెందుకు పెట్టినాం?"

"మర్చిపోయినావా? ఏదో ఒకటి వాళ్ళ చేతనే నొక్కిస్తే మన మీదికి రాదని మేనేజర్ అన్నాడు. భలే ఉపాయం అని నువ్వే అన్నావు."

ఇలియాస్ లోపలికి వచ్చి ఉన్నమాట చెప్పాడు. ఏది కాపాడుతుందో తెలియదు. నొక్కకుండా ఉంచడమూ కుదరదు. ఫోను కాలిపోతోంది, వీపు అప్పటికే ఉబ్బింది. ఆరిపోతే మళ్ళీ లేవదు.

"అయితే నువ్వు నొక్కు." పెద్దసాయిబు ఫోను అతని ముందుకు జరిపాడు.

ఇలియాస్ వేలు లేవలేదు. "ఫోను ఆయనది హజ్రత్. ఆయనే ఎంచుకో..."

ఓబులేసు వేలు చాచాడు. పెద్దసాయిబు దాన్ని మెల్లగా పట్టుకున్నాడు.

"నన్ను నొక్కమంటావా నాయనా?"

"మీ చెయ్యి పడితే అంతకన్నా ఏం కావాల సామీ!" ఓబులేసు ముఖం తేటపడింది. ఆ ముఖాన్ని ఇలియాస్ చూడలేకపోయాడు.

పెద్దసాయిబు కళ్ళద్దాలు సర్దుకుని నొక్కాడు. ఏది నొక్కాడో ఇక్కడ చెప్పడం లేదు. తెలుసుకున్నందువల్ల ఎవరికీ ఒరిగేది లేదు.

తెర నల్లబడింది. కంపెనీ బొమ్మ వచ్చింది. చుక్కలు గుండ్రంగా తిరిగాయి, తిరిగాయి. ఆ తర్వాత ఫోను, కొన్న మొదటి రోజు తెరుచుకున్నట్టే తెరుచుకుంది. 'స్వాగతం. మీ భాష ఎంచుకోండి' అంది.

ఓబులేసు ఫోను చెవికి ఆనించుకున్నాడు. అలాగే కూర్చున్నాడు.

"పాప అడుగుతాది సామీ," అన్నాడు చివరికి.

"అడుగుతాది. నువ్వు పోగొట్టలేదు నాయనా, నేను పోగొట్టినా. గుట్టకింది ముసలి సాయిబు పోగొట్టినాడని చెప్పు. ఏడిస్తే ఇక్కడికి పిల్చుకురా. నన్నే తిట్టమను."

ఓబులేసు లేచి వెళ్ళిపోయాడు. పవర్ బ్యాంకు వైరు అతని వెనక నేల మీద ఈడ్చుకుంటూ పోయింది.

ఇలియాస్ తల దించుకుని కూర్చున్నాడు. ఉన్నట్టుండి లేచి, చెప్పులు కూడా వేసుకోకుండా రోడ్డు మీదికి పరిగెత్తాడు. బస్సు మెట్టు మీద కాలు పెట్టిన ఓబులేసును రెక్క పట్టుకుని ఆపాడు.

"అన్నా, పాపకు ఆయన పేరు చెప్పొద్దు. నా పేరు చెప్పు. ఇలియాస్. ఆ మూడు బటన్లు పెట్టింది నేను. ఏది నొక్కితే ఏమవుతాదో నాకే తెలియకుండా పెట్టినా."

ఓబులేసు అతని ముఖంలోకి చూశాడు.

"ఎక్కుతాండావా లేదా పెద్దమనిషీ?" కండక్టరు అరిచాడు. ఓబులేసు ఎక్కాడు. బస్సు మలుపు తిరిగింది.

ఇలియాస్ తిరిగొచ్చేసరికి పందిరి కింద జనం పలచబడ్డారు. పెద్దసాయిబు తలెత్తకుండానే అడిగాడు.

"చెప్పినావా?"

"చెప్పినా హజ్రత్."

"ఏమన్నాడు?"

"ఏమీ అనలేదు."

"ఎట్లంటాడు?" అన్నాడు పెద్దసాయిబు. "ఆయన ఇంకా పాపకు చెప్పాల కదా."