ఒక్క మనిషిలా ముగ్గురు

గొల్లవరం మానసిక ఆరోగ్య బృందంలో ముగ్గురు ఉండేవారు: మందులిచ్చే నర్సు సుగుణమ్మ, మాట్లాడి ఓదార్చే దైవాధీనం, ఇంటింటికీ తిరిగి మంచిచెడ్డలు కనుక్కునే పానకాలు. డాక్టరుగారి మాటను పొల్లుపోకుండా నెరవేర్చే తెలివి జిల్లా మొత్తం మీద తమకే ఉందని పానకాలుకు గట్టి నమ్మకం.

ఒకనాడు డాక్టరుగారు వారిని పిలిచి, "భార్య పోయిన నాటినుంచీ దర్జీ కోటిలింగం గడప దాటడం లేదు. ఇలాగే ఉంటే పట్నం ఆసుపత్రికి పంపక తప్పదు. ఆ మాటంటేనే ఆయనకు వణుకు. మీరు ముగ్గురూ ఒక్క మనిషిలా పనిచేయాలి," అని సెలవిచ్చారు.

అంతే. పానకాలు దారిలోనే పనులు పంచేశాడు.

"దైవాధీనం, నువ్వు నోరు. సుగుణమ్మక్కా, నువ్వు చెవులు. చేతులు నేను."

"మరి కళ్ళో?" అంది సుగుణమ్మ.

"వంతులు వేసుకుందాం."

విడిపోతే మళ్ళీ ముగ్గురవుతారని, పాత చీరతో నడుములు కలిపి కట్టుకున్నారు. ఇంకేముంది, అలాగే కోటిలింగం ఇంట్లో అడుగుపెట్టారు.

"బాగున్నారా బాబాయ్?" అడిగాడు దైవాధీనం. అడిగి, వినడం తన పని కాదు గనుక, చెవుల్లో వేళ్ళు పెట్టుకున్నాడు.

"ఆవిడ పోయాక మిషను చప్పుడు వినబుద్ధి కావడం లేదు నాయనా," అన్నాడు కోటిలింగం.

విన్న సుగుణమ్మ కళ్ళనీళ్ళు పెట్టుకుంది గానీ నోరు విప్పలేదు. దైవాధీనం మళ్ళీ, "బాగున్నారా బాబాయ్?" అన్నాడు. కోటిలింగం మంచినీళ్ళిచ్చాడు. పానకాలు గ్లాసందుకుని దైవాధీనం నోట్లో పోయబోయి, కళ్ళు తెరిచే వంతు తనది కాకపోవడంతో, ముక్కులో పోశాడు.

తిరిగి వెళ్ళబోతూ ముగ్గురూ ఒక్కసారే ఆ ఇంటి గుమ్మంలో దూరి ఇరుక్కుపోయారు. చేతులు ద్వారబంధానికి నొక్కుకుపోయి పానకాలుకు ఊపిరాడటం లేదు. అరుద్దామంటే నోరు తాను కాదాయె. నోరైన దైవాధీనం మాత్రం, "బాగున్నారా బాబాయ్?" అన్నాడు.

కోటిలింగం ఫక్కున నవ్వాడు.

'అయ్యో, జబ్బు ముదిరింది,' అనుకున్నాడు పానకాలు.

చీర కోద్దామంటే కత్తెర వీధికి ఎదుట, ఇన్నాళ్ళూ మూసి ఉంచిన తన కుట్టు కొట్లో ఉంది. కోటిలింగం పెరటిదారిన వీధిలోకొచ్చి, కొట్టు తలుపు తీసి, కత్తెర తెచ్చి చీర కోశాడు. అంతే, పానకాలు గొల్లుమన్నాడు: "మమ్మల్ని మళ్ళీ ముగ్గుర్ని చేశారు కదా బాబాయ్. డాక్టరుగారికి ఏ మొహం చూపిస్తాం?"

"ఊరుకో నాయనా, కుట్టేస్తాలే," అన్నాడు కోటిలింగం.

చాన్నాళ్ళకు ఆ వీధిలో మిషను చప్పుడు వినిపించింది. మూడు మెడల చొక్కా తయారైంది. అది తొడుక్కుని ముగ్గురూ ముందు, నవ్వు ఆపుకుంటూ కోటిలింగం వెనక, ఆరోగ్య కేంద్రానికి వెళ్ళారు.

"ఈయనకిక పట్నం అక్కర్లేదు. ఇంత పని మీలో ఎవరు చేశారయ్యా?" అన్నారు డాక్టరుగారు సంతోషంగా.

సుగుణమ్మ విన్నది. దైవాధీనం, "బాగున్నారా డాక్టరుగారూ?" అన్నాడు. పానకాలు వినయంగా హాజరు పట్టీ తెరిచి, ఒక్క సంతకం పెట్టి, మిగతా ఇద్దరికీ సెలవు రాశాడు.